రాయి లేచిన జిల్లా

ఏడో తరగతి తెలుగు వాచకంలో పదకొండో పాఠం పేరు 'బావిలో ఇందుప్రభ'. ఈమని భ్రమరాంబగారు ఏడు సంపుటాలుగా రాసిన 'నల్లకోట తాళాలు' అనే మాయల మంత్రాల నవలలోంచి నాలుగు పేజీలు కత్తిరించి అక్కడ పెట్టారు. అందులో ఇందుప్రభ అనే రాకుమారి పాడుబావిలో చిక్కుకుంటుంది. రాక్షసుడు బావి మీద బండరాయి మూసేసి పోతాడు. ఇందుప్రభ కళ్ళు మూసుకుని 'బరువా బరువా నిద్దరపో, రాయీ రాయీ మేలుకో, గాలి చెయ్యి పట్టుకో' అని మూడుసార్లు అంటుంది. రాయి లేస్తుంది, రాకుమారి బయటికొస్తుంది. పిల్లలు హాయిగా చదువుకుని మరిచిపోవలసిన పాఠం. ఇంతవరకూ ఎవరి తప్పూ లేదు.

తప్పంతా పాఠం కింద ఉన్న పెట్టెలో జరిగింది. ప్రతి పాఠం చివరా 'చేసి చూద్దాం' అని ఒక రంగు పెట్టె ఉండి తీరాలని ఆ ఏడాది నియమం పెట్టారు. నియమం పుట్టింది సైన్సు పుస్తకం కోసమే గానీ, పుట్టాక అది ఊరుకోదు కదా, అన్ని పుస్తకాల మీదా పడింది. తెలుగు వాచకం కమిటీలో పదకొండు మంది పెద్దలు నాలుగు రోజులు కూర్చుని, మూడున్నర రోజులు ఛందస్సు గురించి పోట్లాడుకుని, ఆఖరి రోజు భోజనాల వేళకి పెట్టెలన్నీ ఖాళీగా ఉన్నాయని గమనించారు. అవతల గుత్తివంకాయ కూర చల్లారిపోతోంది. పక్కగదిలో తయారవుతున్న భౌతికశాస్త్రం పుస్తకంలోంచి ఒక పెట్టె ఎత్తి తెచ్చి, 'అయస్కాంతం' అని ఉన్నచోట 'మంత్రం' అని, 'ఇనుపమేకు' అని ఉన్నచోట 'రాయి' అని దిద్ది, సంతకాలు పెట్టేసి భోజనానికి వెళ్ళారు. అది అలాగే అచ్చయింది. "పాఠంలోని మంత్రాన్ని జట్లుగా పలకండి. రాయి ఎంత ఎత్తు లేచిందో స్కేలుతో కొలవండి. ఫలితాన్ని పట్టికలో నమోదు చేయండి."

తాటిదొంకవలస ప్రాథమికోన్నత పాఠశాలలో ఆరు, ఏడు తరగతులకి అన్ని సబ్జెక్టులూ చెప్పేదీ, హెడ్మాస్టరు కుర్చీలో ఇన్‌చార్జిగా కూర్చునేదీ, ఆ కుర్చీ కాలు ఊడితే మేకు కొట్టుకునేదీ వరహాలమ్మే. పద్దెనిమిదేళ్ళ సర్వీసు ఆవిడది. పాఠం చెబుతూ రాక్షసుడి గొంతూ, రాకుమారి గొంతూ తనే మార్చి మార్చి పలికేది. పెట్టెలో రాసింది చూసి నవ్వుకుని, పిల్లల్ని పన్నెండో పాఠం తీయమంది. వ్యవహారం అక్కడితో తెమిలిపోయేదే, మధ్యలో యాప్ అనేది లేకపోతే.

ఆ యాప్ పేరు 'విద్యాదుర్భిణి'. బళ్ళో ఏం జరిగినా దానికి ఫొటో తీసి చూపించాలి. పిల్లలు వచ్చారా, బూట్లు వేసుకున్నారా, మరుగుదొడ్డి కడిగారా, కోడిగుడ్డు ఉడికిందా, ఉడికిన గుడ్డుని పిల్లవాడు తిన్నాడా అన్నీ అందులోకి ఎక్కాలి. వరహాలమ్మ రోజూ మొదటి గంట ఫొటోలు తీయడానికీ, రెండో గంట సిగ్నల్ కోసం మేడెక్కడానికీ పోగా మిగిలిన టైములో చదువు చెప్పేది. జూలై మూడో వారంలో దుర్భిణిలో కొత్త గడి తెరుచుకుంది. పదకొండో పాఠం, కృత్యం, రాయి లేచిన ఎత్తు. నొక్కితే మూడు ఎంపికలు వచ్చాయి. మూడు నుంచి ఆరు అంగుళాలు. ఆరు నుంచి పన్నెండు అంగుళాలు. అడుగు పైన, అయితే ఎంతో అంకె వేయాలి. ఇవి తప్ప మరోటి లేదు, ఏదో ఒకటి నొక్కకపోతే గుడ్డు ఫొటో కూడా ఎక్కదు.

సరే, పుస్తకంలో రాసింది కదా, చేసి చూసినట్టే ఉంటుందని వరహాలమ్మ ఏడో తరగతి పిల్లల్ని తొమ్మిది మందినీ వరండాలో కూర్చోబెట్టి మధ్యలో ఒక రాయి పెట్టింది. పిల్లలు సరదాగా మొదలుపెట్టారు. రెండో రోజుకి సరదా పోయి పట్టుదల వచ్చింది. మూడో రోజు గొంతులు బొంగురుపోయాయి. రాయి మాత్రం పెట్టినచోటే ఉంది. ఆ మూడు రోజుల్లోనూ దాని మీద కదిలింది ఒక్క చీమ.

మూడో రోజు మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచినా హారతి అనే పిల్ల లేవలేదు. రాయి ముందే కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమైందే?" అంది వరహాలమ్మ.

"నా వల్లే మేడమ్. నాకు నోరు తిరగదు గదా. మిగతా వోలందరూ బాగానే సెప్పినారు. నేను తప్పు పలికితేనే రాయి లెగనేదు."

ఆ పిల్లకి నిజంగానే మాట కొంచెం తడబడుతుంది, ఆ తడబాటు పోగొట్టడానికి వరహాలమ్మ రెండేళ్ళుగా కష్టపడుతోంది. పక్కన కూలబడి, "ఒసేయ్ పిచ్చిదానా, నీ తప్పూ కాదు, రాయి తప్పూ కాదు. ఇది కథ. కథలో రాయి లేస్తుంది, వరండాలో లేవదు. అంతే," అని చెప్పింది. హారతి కాసేపు ఆలోచించి, "మరి పుస్తకంలో కొలవమని ఎందుకు రాసినారు?" అని అడిగింది. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో జవాబు తెలియని ప్రశ్న ఎదురవడం ఆవిడకి కొత్త కాదు గానీ, ఈసారి మాత్రం ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం బడి వదిలాక మేడెక్కి మండల విద్యాధికారి వైకుంఠరావుకి ఫోన్ చేసింది.

"సార్, ఎత్తు దగ్గర సున్నా లేదండి."

"సున్నా ఎందుకమ్మా?"

"మా రాయి లేవలేదు గనక."

"లేవలేదా? మండలంలో మిగతా ఇరవై ఆరు బళ్ళలోనూ లేచిందే."

"అది కథ సార్. కథలో మంత్రానికి నిజం రాయి ఎలా లేస్తుందండి?"

"కథో కాకరకాయో మనకెందుకమ్మా. పుస్తకం ప్రభుత్వానిది. కొలవమన్నారంటే లేస్తుందనే గదా అర్థం. లేవలేదంటే అయితే పుస్తకం తప్పనాలి, లేకపోతే మీ బోధన తప్పనాలి. పుస్తకం తప్పు అని రాయడానికి నా దగ్గర కాలమ్ లేదు. మీ సంగతి మీరే చూసుకోండి."

వరహాలమ్మ ఒక తెల్లకాగితం తీసి, 'మా పాఠశాలలో రాయి లేవలేదు' అని ఒకే ఒక్క వాక్యం రాసి, కింద సంతకం పెట్టి, మర్నాడు మండల కార్యాలయానికి పట్టుకెళ్ళింది. అక్కడ ఉత్తరాలు తీసుకునే గుమస్తా పాపినాయుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఏ ఫైలు కిందికొస్తాదండి మేడమ్? సెలవులా, బదిలీలా, భోజనాలా?"

"అవేవీ కాదు."

"అలగైతే మిగిలినది ప్రకృతి వైపరీత్యాలు," అని, తుఫానుకి ఎగిరిపోయిన రేకుల అర్జీల మధ్య ఆ కాగితం గుచ్చి, నంబరు వేసి రసీదు ఇచ్చాడు.

ఇక మిగతా జిల్లాలో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. మాస్టార్లందరూ మొదట మూడు నుంచి ఆరు అంగుళాలు నొక్కారు, గొడవ వదిలిపోతుందని. కానీ దుర్భిణిలో పక్కబడి వాళ్ళ ఎత్తు కూడా కనిపిస్తుంది. పక్కబడి రాయి ఆరంగుళాలు దాటిందని తెలిశాక మన రాయిని ఆరు దగ్గర ఆపుతామా? వారం తిరిగేసరికి జిల్లా సగటు పద్నాలుగు అంగుళాలకి చేరింది. అందరికంటే పైన పెదబొండపేట బడి నిలబడింది. అది తాటిదొంకవలసకి ఎదురుగా, గడ్డకి అవతల ఉంది. వాగుని అక్కడివాళ్ళు గడ్డ అంటారు. ఆ బడి హెడ్మాస్టరు పొట్నూరు ముకుందరావుగారికి ప్రతిదాంట్లోనూ ముందుండాలని ఉబలాటం. ఆయన రాయి నాలుగడుగుల రెండంగుళాలు లేచింది. ఫొటోలో రాయి గాల్లో ఉంది, దాని చుట్టూ పిల్లలు చేతులు జోడించుకుని ఉన్నారు. నిజానికి అది సున్నం, బొగ్గుపొడి కలిపి పూసిన థర్మోకోల్ ముక్క, గాలం దారంతో దూలానికి వేలాడుతోంది. పంద్రాగస్టు నాడు కలెక్టరాఫీసు మైదానంలో ఆయనకి శాలువా కప్పి, 'ఉత్తమ ఉత్థాన ఉపాధ్యాయుడు' అని చదివారు.

ఇంత విజయం వచ్చాక దానికో శిక్షణ పెట్టకపోతే బాగుండదు. 'మంత్రోచ్చారణ సామర్థ్యాభివృద్ధి' పేరిట జిల్లా కేంద్రంలో అయిదు రోజుల శిక్షణ పెట్టి, అందులో మొదటి వరసలో వరహాలమ్మని కూర్చోబెట్టారు. వెనకబడిన వాళ్ళకి ముందు కుర్చీలని ఒక లెక్క. శిక్షకుడు తారకేశ్ గారు చాలా చదువుకున్నాయన, మాటకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కళ్ళజోడు సర్దుకుంటాడు.

"మనం రాయిని లేపడం లేదు," అన్నాడాయన. "రాయిలో నిగూఢంగా ఉన్న లేచే సామర్థ్యాన్ని వెలికితీస్తున్నాం. ఉపాధ్యాయుడు కేవలం సులభకర్త. లేవాలన్న ప్రేరణ రాయికి లోపలి నుంచి రావాలి."

అందరూ రాసుకున్నారు. వరహాలమ్మ చెయ్యెత్తి, "లోపలి నుంచి రాకపోతేనండీ?" అని అడిగింది.

"రాకపోతే రాయికి నివారణాత్మక బోధన చేయాలి. అది నాలుగో రోజు సెషన్‌లో ఉంది."

మూడో రోజు ఈ నవల రాసిన భ్రమరాంబగారినే పిలిపించారు. డెబ్భై రెండేళ్ళ మనిషి, నూలు చీర కట్టుకుని, చేతిలో కాఫీ ఫ్లాస్కుతో వచ్చింది. మంత్రం ఎలా సాధించారో చెప్పమని తారకేశ్ గారు మైకు ఇచ్చాడు.

"సాధించడమేంటి బాబూ, నేను అల్లిన మాటది. ఓ ఆదివారం ఇడ్లీపిండి రుబ్బుకుంటూ అనుకున్నాను. రాకుమారిని బావిలో పడేశానా, పైకి తీసే దారి తోచలేదు. ఆ వారం పత్రికవాళ్ళు తొందర పెడుతున్నారు. అందుకని మంత్రం పెట్టి లాగేశాను."

తారకేశ్ గారు బోర్డు మీద 'పూర్వ పరిస్థితి: పిండి రుబ్బుట' అని రాసి కింద గీత గీశాడు. తర్వాత ఆవిడ ముందు రాయి పెట్టి, ఒకసారి చేసి చూపించమన్నాడు. ఆవిడ రాయిని చూసింది, ఆయన్ని చూసింది, కాఫీ ఒలికిపోయేటంతగా నవ్వింది. నవ్వినందుకు అయిదు మార్కులు తగ్గించారు. శిక్షణ చివరి పరీక్షలో భ్రమరాంబగారికి నలభైకి పదకొండు వచ్చాయి, 'రచయిత్రికి పాఠ్యాంశంపై తగినంత పట్టు లేదు' అని రాసి సర్టిఫికెట్ ఆపేశారు.

భోజనాల దగ్గర ఆవిడ విస్తరి పట్టుకుని వరహాలమ్మ పక్కకొచ్చి కూర్చుంది. "లేవలేదని రాసింది నువ్వేనటగా అమ్మా?"

"నేనేనండి."

"ఈ జిల్లాలో నా కథని కథలా చదివింది నువ్వొక్కదానివేనన్నమాట," అని తన విస్తట్లో బొబ్బట్టు తీసి వరహాలమ్మ విస్తట్లో వేసింది. ఆ శిక్షణలో వరహాలమ్మ నేర్చుకున్నదంటూ ఏమీ లేకపోయినా ఆ బొబ్బట్టుతో ప్రాణం లేచొచ్చింది.

తర్వాతి వారం సర్క్యులర్ వచ్చింది. మంత్రపఠనానికి ముందు ప్రతి పాఠశాలలో పిండి రుబ్బే వాతావరణం కల్పించవలెనని. తాటిదొంకవలసలో వంట చేసే రాములమ్మ రుబ్బురోలుని వరండాకి దొర్లించుకొచ్చి, "ఈ ఉజ్జోగాలు నాకర్థం కావు మేడమ్, రుబ్బమంటే రుబ్బుతాను," అని రెండు రోజులు పిండి రుబ్బింది. రాయి లేవలేదు గానీ పిల్లలకి రెండు పూటలు ఇడ్లీలు దొరికాయి. ఈ మొత్తం వ్యవహారంలో ప్రభుత్వం వల్ల పిల్లలకి జరిగిన మేలు అదొక్కటే.

ఇంతలో వరహాలమ్మకి మెమో వచ్చింది. జిల్లా పటం మీద అన్ని బళ్ళూ పచ్చగా ఉంటే ఒక్క తాటిదొంకవలస ఎర్రచుక్కగా ఉందట. పది రోజుల్లోగా సదరు రాయి లేవనిచో, సదరు పాఠశాలను 'ఉత్థాన విముఖ పాఠశాల'గా పరిగణించి పెదబొండపేట పాఠశాలలో విలీనం చేయబడునని తెలియజేయడమైనది.

ఈసారి వరహాలమ్మకి నవ్వు రాలేదు. గడ్డ వానాకాలం నాలుగు నెలలూ మొలలోతు పారుతుంది, మిగతా రోజుల్లో మోకాలి లోతు. వంతెన లేదు. అంతకుముందు ఏడాది ఏడో తరగతి పాసై గడ్డవతల హైస్కూలుకి వెళ్ళాల్సిన నలుగురు ఆడపిల్లల్లో ముగ్గురు ఆ వానలకే మానేశారు. ఒకమ్మాయిని సంతలో ఉల్లిపాయలు అమ్ముతుండగా చూసి వరహాలమ్మ ఆ రోజంతా అన్నం తినలేదు. బడి పోతుందన్న మాట ఊళ్ళో పాకగానే హారతి తల్లి పొలం నుంచి సరాసరి బడికొచ్చింది.

"గడ్డవతలకి మేం పంపనేం మేడమ్. మీ బడి ఉంటే సదువుతాది, లేకపోతే మానేత్తాది. అంతే," అని చెప్పి, మెట్టు మీద కూర్చుండిపోయింది.

గడువుకి రెండు రోజుల ముందు వైకుంఠరావు స్వయంగా మోటారుసైకిలు మీద వచ్చాడు. చెడ్డవాడు కాదు. రిటైరవడానికి ఏడాదిన్నర ఉంది, ఆ ఏడాదిన్నరా ఎక్కడా ఎర్రచుక్క లేకుండా గడిచిపోవాలని ఆయన కోరిక. చెమట తుడుచుకుని, తన ఫోన్‌లోనే దుర్భిణి తెరిచి వరహాలమ్మ చేతిలో పెట్టాడు.

"ఒక్క నొక్కు అమ్మా. మూడు నుంచి ఆరు. అంతకంటే ఎక్కువ అడగను. బడి మిగులుతుంది, పిల్లలు మిగులుతారు, నేనూ మిగులుతాను. మీరు నొక్కకపోతే ఈ పిల్లల్ని గడ్డలోకి తోసినవాళ్ళవుతారు. ఆలోచించుకోండి."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు, అదే ఆవిడ్ని పట్టి కుదిపింది. వేలు తెర మీదకి వెళ్ళింది కూడా. కిటికీ అవతల పిల్లలు హిందీ పాఠం గట్టిగా చదువుకుంటున్నారు, మధ్యలో హారతి గొంతు ఒక మాట దగ్గర ఆగి, తడబడి, మళ్ళీ అందుకుంది. వరహాలమ్మ వేలు వెనక్కి తీసుకుంది.

"మొన్న ఈ వరండాలోనే ఒక పిల్ల తన నోటి వల్లే రాయి లేవలేదని ఏడిచింది సార్. నీ తప్పేం లేదు, అది కథ అని చెప్పాను. ఇప్పుడు లేచిందని నొక్కితే, తప్పు ఆ పిల్లదేనని నేనే ఒప్పుకున్నట్టు. రేపు వీళ్ళకి ఏం చెప్పినా ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"మరి బడి పోతే?"

"బడి పోతే గడ్డ దగ్గర నిలబడి ఒక్కొక్కర్నీ నేనే దాటిస్తాను. నొక్కడం మాత్రం నావల్ల కాదు. నేను రాసిన కాగితమే పంపించండి."

వైకుంఠరావు ఫోన్ జేబులో పెట్టుకుని బండెక్కాడు. ఆఫీసుకి పోయి, ప్రకృతి వైపరీత్యాల ఫైల్లోంచి ఆ కాగితం తీయించి, మీద 'యథాతథంగా పంపడమైనది' అని రాసి, తన ముప్ఫై అయిదేళ్ళ నౌకరీలో మొదటిసారి ఒక కాగితాన్ని నిజంగానే యథాతథంగా రాజధానికి పంపాడు.

అక్కడ రాజధానిలో అదే వారం పాఠశాలల హేతుబద్ధీకరణ మీద పెద్ద సమావేశం జరుగుతోంది. చిన్నబళ్ళని పక్క బళ్ళలో కలిపేయాలని వాళ్ళకి ఎప్పటి నుంచో కోరిక. కానీ వాగో కొండో అడ్డం ఉంటే కలపకూడదని పాత నిబంధన ఒకటి కాళ్ళకి అడ్డం పడుతోంది. దాన్ని ఎలా దాటాలా అని తలపట్టుకుని ఉండగా, ఒక ఉప సంచాలకుడు దుర్భిణి తెరిచి జిల్లా సగటు చూపించాడు. పావుకిలో రాయి పద్నాలుగు అంగుళాలు లేచింది కదా, ముప్ఫై కిలోల విద్యార్థి ఎంత లేస్తాడని త్రైరాశికం వేశారు. నూట నలభై అడుగులని తేలింది. బరువు పెరిగితే ఎత్తు తగ్గాలేమో కదండీ అని మూలనున్న గణాంక అధికారి ఒకాయన సందేహంగా అన్నాడు. అది భౌతికశాస్త్రం పరిధిలోకి వస్తుందని, తెలుగు పాఠానికి వర్తించదని ఆయన్ని కూర్చోబెట్టారు. అయినా పిల్లల భద్రత దృష్ట్యా నూట నలభైని నలభై అడుగులకి కుదించారు.

గురువారం మధ్యాహ్నం ఉత్తర్వు వచ్చింది. వరహాలమ్మ మేడ మీద ఉండగా వైకుంఠరావు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చదివాడు. "రాష్ట్రంలో ఉత్థాన సామర్థ్యం సాధించిన పాఠశాలల విద్యార్థులకు నలభై అడుగుల లోపు వాగులు, వంకలు ఇకపై ప్రకృతిసిద్ధ అడ్డంకిగా పరిగణింపబడవు. కావున అట్టి పాఠశాలలను తక్షణమే సమీప పాఠశాలలలో విలీనం చేయవలెను. అయితే, లేచే సామర్థ్యం లేని విద్యార్థులను వాగు దాటించుట మానవతా దృక్పథానికి విరుద్ధము. అట్టి పాఠశాలలను కదపరాదు. లేవగలిగినవారే లేవలేనివారి వద్దకు వెళ్ళవలెను."

వరహాలమ్మకి మొదట అర్థం కాలేదు. "అంటే ఏంటి సార్?"

"అంటే మీ బడి ఎక్కడికీ పోదమ్మా," అన్నాడు వైకుంఠరావు, ఆయన గొంతులో ఏడుపో నవ్వో తెలియడం లేదు. "జిల్లాలో గడ్డ పక్కనున్న బళ్ళు నలభై మూడు. అన్నిట్లోనూ రాయి లేచింది, మీ ఒక్క బళ్ళో తప్ప. మీ కాగితమే దానికి రుజువు. ముకుందరావు మాస్టారి బడి సోమవారం నుంచి మీ దాంట్లో కలిసిపోతుంది. బెంచీలు సర్దిపెట్టండి."

వరహాలమ్మ మేడ మీదే కాసేపు నిలబడి, కిందకి దిగి, మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. తర్వాత పిల్లల్ని పిలిచి, బడి ఉంటుందని చెప్పింది. పిల్లలు అరిచిన అరుపుకి రాములమ్మ గరిటె పట్టుకుని బయటికి పరిగెత్తుకొచ్చింది.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఊరంతా గడ్డ ఒడ్డున చేరింది. అవతలి నుంచి పెదబొండపేట బడి వస్తోంది. పిల్లల్ని తండ్రులు భుజాల మీద ఎక్కించుకుని నీళ్ళలోకి దిగారు. తిట్లు ఇవతలి ఒడ్డుకి స్పష్టంగా వినిపిస్తున్నాయి, ఎవర్ని తిడుతున్నారో కూడా స్పష్టంగానే తెలుస్తోంది. అందరికంటే వెనకాల ముకుందరావుగారు ప్యాంటు తొడల దాకా మడిచి, చెప్పులు చంకలో పెట్టుకుని, హాజరు పట్టీ నెత్తి మీద పట్టుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చారు. మధ్యలో ఒకసారి కాలు జారి కూర్చుండిపోయారు కూడా.

వరహాలమ్మ తువ్వాలు అందించింది. రాములమ్మ వేడివేడి టీ ఇచ్చింది. రెండు బళ్ళ పిల్లలూ ఒకే గదిలో ఇరుక్కుని కూర్చున్నారు. ముకుందరావుగారు వెనక బల్ల మీద కూర్చుని, టీ తాగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించారు.

"అమ్మా వరహాలమ్మగారూ, మీరు రాసిన ఆ కాగితం ఉందట గదా. ఒక నకలు ఇప్పిస్తారా? మా ఊరివాళ్ళు నన్ను బతకనిచ్చేలా లేరు. అది పంపితే మా బడి మాకు తిరిగిస్తారని ఎంఈఓ గారన్నారు."

"నకలు ఎందుకు మాస్టారూ, ఒక్క వాక్యమే. తెల్లకాగితం ఇస్తాను, రాయండి."

ఆయన కాగితం తీసుకుని, జేబులోంచి కలం తీసి, పైన తేదీ వేశారు. గౌరవనీయులైన అని మొదలుపెట్టి రెండు వరసల సంబోధన చకచకా రాసేశారు. ఆ తర్వాత కలం ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా నివేదికలు రాసిన చెయ్యి అది, ఎన్నడూ తడుముకోలేదు. రాసి కొట్టేశారు, మళ్ళీ రాసి మళ్ళీ కొట్టేశారు. చివరికి తలెత్తారు.

"పోనీ, 'రాయి ఆశించినంతగా లేవలేదు' అని రాస్తే ఎలా ఉంటుందమ్మా?"

"మాస్టారూ, ఇందాక గడ్డ దాటి వచ్చారు కదా. ఎంత ఎత్తున వచ్చారు?"

ముకుందరావుగారు తడిసిన ప్యాంటు వైపు చూసుకున్నారు. ముందు మొహం మాడింది, తర్వాత ఆయనకే నవ్వొచ్చింది. 'ఆశించినంతగా' అన్న మాట కొట్టేశారు. పక్కన ఇంకో వాక్యం రాశారు. అలవాటు కొద్దీ, పంపేముందు ఒకసారి పైకి చదివి చూసుకున్నారు.

"మా పాఠశాలలో రాయి లేవలేదు. దారం కట్టాము."

పిల్లల ముందు పైకి చదివానన్న సంగతి అప్పటికి గానీ ఆయనకి తట్టలేదు. చెవులు ఎర్రబడ్డాయి. పెదబొండపేట నుంచి వచ్చిన పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో కూర్చున్న ఒక పిల్ల ఆయన్ని ఓదారుస్తున్నట్టు మెల్లగా అంది.

"మాకు తెలుసు గదా సార్. నిచ్చెనెక్కి దూలానికి కట్టింది మేమే."